చక్రం నడిమికి రావాలి

రిమోటుతో నడిచే లెగో బండికి వెనక చక్రాలు తిప్పే మోటారు పోతే పెద్దగా ఆలోచించక్కర్లేదు. బలం కాస్త అటూ ఇటూగా ఉన్న ఇంకో మోటారు బిగించినా బండి కదులుతుంది. మహా అయితే నెమ్మదిస్తుంది. స్టీరింగు మోటారు సంగతి వేరు. తిరగడమే మోటారు పని అనుకుంటాం గానీ, స్టీరింగు మోటారుకు తిరగడం కంటే ఆగడం ముఖ్యం. ఎంత చెబితే అంతే తిరగాలి, అక్కడే పట్టు వదలకుండా నిలబడాలి, రిమోటు మీంచి వేలు తీయగానే నడిమికి రావాలి. ఈ మూడూ చేసేదే సర్వో. ఇది నాకు బోధపడింది అలాంటి మోటారు ఒకటి మార్చాల్సి వచ్చినప్పుడే.

మా మేనల్లుడు లెగో టెక్నిక్ ముక్కలతో ఒక లారీ కట్టుకున్నాడు. పెట్టె మీది బొమ్మ చూసి కట్టింది కాదు, వాడి సొంత ఊహ. పెద్ద టైర్లు, బరువైన ముందు భాగం. స్టీరింగుకు లెగో వారి పాత పవర్ ఫంక్షన్స్ తరం సర్వో. ఏళ్ళ తరబడి ఆడాక బండి ఎడమకు సరిగ్గా తిరగడం మానేసింది. "మామయ్యా, ఈసారి ఇంకా బలమైన మోటారు పెడదాం" అన్నాడు వాడు. ఎవరికైనా మొదట తట్టేది అదే. కానీ ఇక్కడ కొరత బలానిదేనా అన్నది ముందు తేల్చుకోవాలి.

సర్వోల చరిత్ర కూడా స్టీరింగుతోనే మొదలైంది. 1860ల్లో గ్రేట్ ఈస్టర్న్ అనే మహా నౌకకు చుక్కాని తిప్పడం మనుషుల బలానికి మించిన పని అయింది. జాన్ మెక్‌ఫార్లేన్ గ్రే అనే ఇంజినీరు ఆవిరితో తిప్పే యంత్రాన్ని రూపొందించాడు. ఆ యంత్రం గొప్పతనం ఆవిరి బలంలో లేదు. మనిషి చక్రాన్ని ఎంత తిప్పాడో చుక్కాని కూడా అంతే తిరిగి, ఆవిరి దానంతటదే ఆగిపోయే ఏర్పాటులో ఉంది. ఫ్రాన్సులో జోసెఫ్ ఫార్కో ఇదే దారిలో పనిచేసి, 1873లో సర్వో మోటారు మీద ఏకంగా ఒక పుస్తకం ప్రచురించాడు. చెప్పినదాన్నీ జరిగినదాన్నీ పోల్చుకుంటూ, తేడా ఉన్నంతసేపే పనిచేయడం. అరచేతిలో పట్టే బొమ్మ సర్వోలో ఉన్నదీ ఆ సూత్రమే.

లెగో వారి పవర్ ఫంక్షన్స్ మోటార్లు 2007లో వచ్చాయి. సర్వో మాత్రం 2012లో, 9398 నంబరు క్రాలర్ బండితో వచ్చింది. విడిగా అమ్మినప్పుడు దాని నంబరు 88004. నడిమి నుంచి ఇటు 90 డిగ్రీలు, అటు 90 డిగ్రీలు తిరుగుతుంది. ఒక్కో వైపు 7 మెట్లు. అయితే ఆ మెట్లన్నీ మనకు దక్కుతాయా అన్నది రిమోటును బట్టి ఉంటుంది. మీటలు ముందుకూ వెనక్కూ నొక్కే 8885 రిమోటు సర్వోకు రెండే మాటలు చెబుతుంది: పూర్తిగా ఎడమ, పూర్తిగా కుడి. గుండ్రటి మీటలున్న 8879 అయితే మెట్టు మెట్టుగా తిప్పుతుంది. మా వాడి దగ్గర ఉన్నది మొదటి రకం. ఈ చిన్న సంగతే తర్వాత అసలు కారణం దగ్గరికి తీసుకెళ్ళింది.

కొత్తది కొనే ముందు పాతది నిజంగా పోయిందో లేదో చూడాలి. సర్వోను బండి నుంచి విప్పి, రిమోటు మాట అందుకునే రిసీవరుతో పని లేకుండా నేరుగా బ్యాటరీ పెట్టెకు తగిలించి మీటను ఒకవైపు జరిపితే ఒక దిక్కుకు, రెండోవైపు జరిపితే రెండో దిక్కుకు పూర్తిగా తిరగాలి. రెండు దిక్కులా తిరిగితే తప్పు రిసీవరుదో, ముందు చక్రాల అమరికదో అవుతుంది. మాది విడిగా కూడా ఎడమకు తిరుగుతూ మధ్యలో టకటకమంటూ జారింది. లోపలి గేరు పళ్ళు అరిగాయన్నమాట.

ఇక బదులు వెతకడం. మామూలు ఎం మోటారు పెట్టొచ్చు, అది సులువుగా దొరుకుతుంది. దానికి తిరగడమే తెలుసు, ఎక్కడున్నదీ తెలియదు. చక్రాలు చివరికి చేరాక కూడా తోస్తూనే ఉంటుంది. అందుకే అలాంటి బండ్లలో, బరువు మించితే జారిపోయే 24 పళ్ళ తెల్ల క్లచ్ గేరు వేస్తారు. నడిమికి లాగడానికి రబ్బరు బ్యాండో స్ప్రింగో కడతారు. తేలికపాటి బండికి అది చాలు. పెద్ద టైర్ల లారీ చక్రాలను నడిమికి లాగాలంటే స్ప్రింగు గట్టిదై ఉండాలి, స్ప్రింగు గట్టిదైతే మోటారు దానితోనే కుస్తీ పట్టాలి. నాకది నచ్చలేదు.

2019లో వచ్చిన కంట్రోల్ ప్లస్ తరం మోటార్లు ఇంకో దారి పట్టాయి. 42099 నంబరు 4×4 బండిలో స్టీరింగుకు ప్రత్యేకంగా సర్వో లేదు. తన తిరుగుడును తానే కొలుచుకునే ఎల్ మోటారు ఉంది. బండి మొదలవగానే చక్రాలను ఎడమ చివరకూ కుడి చివరకూ తిప్పి చూసుకుని, వాటి నడిమి ఎక్కడో లెక్క కట్టుకుంటుంది. నాకు ఎంతో నచ్చిన పద్ధతి ఇది. బండి కొలతలు తయారీదారు చెప్పినవి కాక, మనం కట్టినవే దానికి కొలమానం. కానీ ఆ తెలివి మోటారు ఒక్కదానిలోనే లేదు, దాన్ని నడిపే హబ్బులోనూ ఫోనులోనూ ఉంది. ప్లగ్గు కూడా వేరు, అందులో 6 తీగలు. మోటారు ఒక్కటే కొంటే లాభం లేదు, రిసీవరు, రిమోటు బదులు హబ్బూ ఫోనూ కావాలి.

పవర్ ఫంక్షన్స్ తీగ సంగతి కూడా తెలుసుకోవాలి. అందులో 4 తీగలుంటాయి. అంచుల్లోని రెండూ బ్యాటరీ కరెంటు, లోపలి రెండూ ఆజ్ఞ. మామూలు మోటారుకు లోపలి రెండే చాలు, సర్వోకు నాలుగూ కావాలి. నకలు సర్వోలు చూడ్డానికి అచ్చం ఇలాగే ఉన్నా, కొన్ని తమ కంపెనీ రిసీవరు మాటే వింటాయి. ఆన్‌లైన్‌లో ఒక దుకాణం నుంచి తెప్పించిన సర్వో ప్లగ్గు చక్కగా కూర్చుంది, మోటారు మాత్రం కదల్లేదు. కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు: "ఇది ఏ రిసీవరుతో పనిచేస్తుంది?"

కోఠీ గుజరాతీ గల్లీలో చిన్న నీలం సర్వోలు దొరుకుతాయి, ఎస్‌జీ90 అంటారు. బరువు 9 గ్రాములు. కాలేజీ పిల్లలు ప్రాజెక్టులకు కొనేది అదే. మా బండిలో 6 బ్యాటరీలు, అంటే 9 వోల్టులు అని చెబితే దుకాణదారు వెంటనే చెయ్యి అడ్డంగా ఊపాడు. "తొమ్మిదిస్తే కాలిపోతది సార్. ఐదు, మస్తయితే ఆరు. మీ రిమోటు మాట కూడా దీనికి సమజ్ కాదు, బోర్డు వేరే పెట్టాలె." ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ సర్వోకు ఆజ్ఞ వేరే రూపంలో అందాలి: సెకనుకు 50 సార్లు వచ్చే చిన్న విద్యుత్ తుళ్ళింత, 1.5 మిల్లీసెకన్లు ఉంటే నడిమి, తగ్గితే ఒకవైపు, పెరిగితే రెండోవైపు. లెగో రంధ్రాలకు సరిపోయే ఒంటితో వచ్చే గీక్‌సర్వోలు కూడా ఈ రకానివే. సొంతంగా ప్రోగ్రాము రాసుకునే పిల్లలకు అవి మంచివి. మా లారీకి కావు.

ఇంతలో మేనల్లుడు ముందు ఇరుసు విప్పి చూపించాడు. అసలు సంగతి అక్కడ ఉంది. లెగో గేర్లలో పళ్ళు ఎన్నో, పని వ్యాసం అన్ని మిల్లీమీటర్లు. 8 పళ్ళదానికి 8, 12 పళ్ళదానికి 12. సర్వో ఇరుసు మీద 12 పళ్ళ గేరు ఉంది, అది పళ్ళ పట్టీని అటూ ఇటూ జరుపుతుంది. 90 డిగ్రీలు తిరిగితే పట్టీ దాదాపు 9.4 మిల్లీమీటర్లు జరగాలి. చక్రాలు చట్రానికి తగిలి ఆగిపోయేసరికి పట్టీ జరిగేది 7 మిల్లీమీటర్లకు మించదు. రిమోటు చూస్తే పూర్తిగా తిరగమనే చెబుతుంది. అంటే ప్రతి మలుపులోనూ, మీట నొక్కి ఉంచినంతసేపూ, సర్వో చట్రాన్నే తోస్తూ ఉంది. దాన్ని అరగదీసింది బరువు కాదు, అందుకోలేని ఆ చివరి రెండు మిల్లీమీటర్లు.

ఇక్కడ బలమైన మోటారు పెట్టి ఉంటే ఏమయ్యేది? మోటారు గట్టిగా ఉండేది, పట్టీ పళ్ళు పోయేవి. అదే 8 పళ్ళ గేరయితే 90 డిగ్రీలకు పట్టీ 6.3 మిల్లీమీటర్లే జరుగుతుంది, చక్రాలు చట్రానికి తగలకముందే సర్వో తన పని ముగించి ఆగుతుంది. పైగా అదే సర్వో పట్టీని ఒకటిన్నర రెట్లు బలంగా తోస్తుంది. గేరు చిన్నదైతే సర్వో ఇరుసు ఎత్తు 2 మిల్లీమీటర్లు మారుతుంది కనక ముందు భాగమంతా కొత్తగా కట్టాలి. వాడు విసుక్కోకుండా కట్టాడు.

చివరికి అదే తరం సర్వో, ఒకరు వాడినది, బ్యాటరీ పెట్టెకు తగిలించి రెండు వైపులా తిప్పి చూసుకుని తీసుకున్నాం. పాత రిసీవరూ రిమోటూ ఉన్నవాళ్ళకు నా సలహా అదే. అన్నీ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మాత్రం తిరుగుడును కొలుచుకునే కొత్త తరం మోటారూ హబ్బూ కలిపి తీసుకోవడం మేలు.

పవర్ ఫంక్షన్స్ తయారీ ఆగిపోయింది. అందుకని మీ ఇంట్లో ఆ రకం సర్వో ఏదైనా మూలపడి ఉంటే, పనిచేయనిదైనా సరే, చెత్తలో వేయకండి. దాని 4 తీగలూ ప్లగ్గూ ఇంకా పనికొస్తాయి. ఇలాంటి బండ్లు కట్టే పిల్లలు మీ వీధిలో ఉంటే వాళ్ళకివ్వండి.