పాత ఏర్‌పోర్టు రోడ్డులో ఒక పూట

మా కుటుంబం బెంగుళూరులో స్థిరపడి మూడు తరాలు దాటింది. దొమ్మలూరు నుంచి మారతహళ్ళి వైపు వెళ్ళే పాత ఏర్‌పోర్టు రోడ్డు మీద నేను కొన్ని వేలసార్లు తిరిగి ఉంటాను. బస్సు కండక్టరు “విండ్ టనల్ రోడ్” అని కేక వేస్తే, ఆ పేరెందుకు వచ్చిందో ఒక్కనాడూ ఆలోచించిన పాపాన పోలేదు. పోయిన దసరాకు మా అన్నయ్య కూతురు వెంటబెట్టుకుని తిప్పేదాకా నాకది ట్రాఫిక్‌లో చిక్కుకుపోయే రోడ్డు మాత్రమే.

అమ్మాయి పైలట్ శిక్షణలో ఉంది. ఆ చదువుకు చేసిన అప్పుకు హామీ సంతకం నాది. పండుగకు ముందు జరిగిన సిమ్యులేటర్ పరీక్షలో ఒక ఇంజను ఆగిపోయినట్టు, గాలి అడ్డంగా కొడుతున్నట్టు పెట్టి, దింపమన్నారట. దింపింది. కాని మధ్యలో మోగిన హెచ్చరిక శబ్దాన్ని పట్టించుకోలేదని, అశ్రద్ధ అని రాసి, మళ్ళీ రమ్మన్నారు.

“మోగిందని నాకు తెలియనే తెలియదు చిన్నాయనా” అంది.

నేను నమ్మలేదు. చెవి పక్కన మోగితే వినపడకపోవడమేమిటి? ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో ఇలాంటి సాకులు విన్నవాణ్ణి. “వినపడక కాదు, చెవిన వేసుకోలేదు” అని నాలుగు మాటలు గట్టిగానే అన్నాను. ఎదురు చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే “రా చిన్నాయనా, ఒకచోటికి పోయొద్దాం” అంది.

మురుగేశపాళ్య దగ్గర బస్సు దిగాం. విండ్ టనల్ అంటే గాలి సొరంగం. అందులో విమానం నమూనాను నిలబెట్టి, దాని మీదికి గాలి తోలి పరీక్షిస్తారు. ఆ సొరంగాలు నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ వారివి. 1959లో ఢిల్లీలో మొదలైన ఈ సంస్థ మరుసటి ఏడు బెంగుళూరుకు వచ్చి, తొలిరోజుల్లో మైసూరు మహారాజా వారి గుర్రపుశాలల్లో నడిచిందట. “ఇక్కడ విమానాన్నే కాదు, నడిపేవాళ్ళనూ కొలుస్తారు” అంది అమ్మాయి. ఇక్కడి సిమ్యులేటర్‌లో పైలట్లను కూర్చోబెట్టి, మెదడు విద్యుత్ సంకేతాలను, కంటిపాప మార్పులను, విమానం నడిపే తీరును కలిపి కొలిచిన పరిశోధనను మన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వారు, ఈ లేబొరేటరీ వారు 2021లో ప్రచురించారు. ఆ రోడ్డులోనే ఇంకొంచెం ముందుకు పోతే విమానపుర. 1957 నుంచి ఉన్న వైమానిక వైద్యసంస్థ అక్కడే. గగన్‌యాన్‌కు వ్యోమగాములను వడపోసింది అందులోనే.

అక్కడినుంచి హెచ్.ఎ.ఎల్. మ్యూజియానికి వెళ్ళాం. 1961లో మొదటిసారి ఎగిరిన మారుత్ విమానం ముందు నేను ఫొటో దిగాలనుకుంటే, అమ్మాయి నన్ను టికెట్టు కొనిపించి సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టింది. ఆమె చేసిన పరీక్షతో పోలిస్తే అది పిల్లల ఆట. అయినా నేల పైపైకి వస్తుంటే అరచేతులు తడిసిపోయాయి. దిగాక “ఫోన్ చూసుకో” అంది. జేబులోని ఫోన్ రెండుసార్లు మోగింది. చేసింది తనే, నా వెనుక నిలబడి! పక్కనున్న పిల్లలు కూడా విన్నారట.

కాఫీ తాగుతూ చెప్పుకొచ్చింది. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన తండ్రి నడిపే వాద్యాల ఫ్యాక్టరీలో, ఆర్గన్ తిత్తులతోనే, నేల మీద ఊగే విమానాన్ని తయారుచేశాడు. మన హార్మోనియం తిత్తుల వంటివే అవి. సిమ్యులేటర్లకు మూలపురుషుడు ఆ యంత్రమే. 1929లో లింక్ దానికి పేటెంటు అడిగాడు. జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే డాక్టరు 1924లో మొట్టమొదట నమోదు చేసిన మనిషి మెదడు తరంగాలను లోకానికి ప్రకటించింది కూడా ఆ 1929లోనే.

అమ్మాయి ఒకసారి ఇలాంటి పరీక్షకు తానుగా వెళ్ళి కూర్చుంది. బిళ్ళలు కుట్టిన టోపీ పెట్టి, ఒక్కో బిళ్ళ కింద జిగురు పూస్తారట. తల రెండుసార్లు రుద్దుకుంటే గాని వదలలేదంది. మెదడు నుంచి వచ్చే విద్యుత్తు వోల్టులో పది లక్షల వంతుల లెక్కన ఉంటుంది. అందుకే రెప్ప వేసినా, పళ్ళు బిగించినా ఆ చప్పుడే దీన్ని ముంచేస్తుంది. అవి ఏరేయడమే సగం పని. మిగిలినదాంట్లో, పని బరువెక్కేకొద్దీ నుదుటి వైపు సెకనుకు 4 నుంచి 8 సార్లు ఊగే థీటా తరంగం పెరుగుతుంది. తల వెనుక భాగంలో 8 నుంచి 13 సార్లు ఊగే ఆల్ఫా తగ్గుతుంది.

అసలు విషయం తరువాత చెప్పింది. ఫ్రాన్సులోని టూలూజ్‌లో 28 మంది పైలట్ల చేత సిమ్యులేటర్‌లో, గాలి ఒక్కసారిగా మారే పరిస్థితిలో, విమానం దింపించారు. మధ్యలో చక్రాల హెచ్చరిక మోగించారు. 11 మంది గమనించనే లేదు. 2014లో ప్రచురించిన ఫలితం ఇది. వాళ్ళేమీ చెవిటివాళ్ళు కారు. శబ్దం వినగానే, సెకనులో మూడో వంతు గడిచేలోపు, మెదడులో ఒక అల లేవాలి. పని తలకు మించినప్పుడు ఆ అల చిన్నదైపోతుంది.

చెవిన వేసుకోకపోవడం వేరు, చెవిన పడకపోవడం వేరు. ఈ తేడా తెలుగువాణ్ణయిన నాకు మొదటే తట్టాల్సింది.

మా లెక్కల్లో చెబితే ఇంకా తేలిక. ఇద్దరు క్యాషియర్లకు సాయంత్రం లెక్క పైసాతో సహా సరిపోతుంది. కాని ఒకడి దగ్గర ఇంకో పదిమంది ఖాతాదారులను చూసే ఓపిక మిగిలి ఉంటుంది. రెండోవాడు ఇంకొక్క చెక్కు వచ్చినా తప్పు చేసేట్టున్నాడు. బ్యాలెన్సు షీటులో ఇద్దరూ ఒకటే. సిమ్యులేటర్ మార్కులూ అంతే. విమానం దిగిందో లేదో చెబుతాయి గాని, దింపినవాడి దగ్గర నిల్వ ఎంత మిగిలిందో చెప్పవు. పైలట్లనే అడిగి రాయించే పట్టికలు లేకపోలేదు. నాసా వారిది 1988 నుంచి వాడుకలో ఉంది, ఆరు ప్రశ్నలు. అయితే ఉద్యోగం ఇచ్చేవాడి ముందు “నాకు చాలా కష్టమైంది” అని ఎవరు రాస్తారు? మా వార్షిక స్వీయ మదింపు ఫారాల్లో నేనెన్నడూ రాయలేదు.

“మరి అందరికీ ఆ టోపీ పెట్టొచ్చుగా?” అన్నాను.

“పెట్టి, ఆ కాగితం ఎవరి చేతికిస్తారు చిన్నాయనా? నేర్పేవాళ్ళకిస్తే నాకు మేలు. తీసేసేవాళ్ళకిస్తే?” అంది. నా తల లోపలి పాస్‌బుక్కు వేరొకరి బీరువాలో ఉండటం నాకూ ఇష్టం లేదు. జవాబు చెప్పలేకపోయాను.

ఇక, పరీక్ష రోజున మా అమ్మాయి తలకు టోపీ లేదు. అది అశ్రద్ధో, భారమో రుజువు చేసే కాగితం ఏదీ లేదు. రుజువు లేకుండా అప్పు మంజూరు చేసే అలవాటు నాకు లేదు గాని, తిరుగు ప్రయాణంలో బస్సులోనే తప్పు ఒప్పుకున్నాను. కిటికీ వైపు తిరిగి నవ్వింది.

రెండో పరీక్ష దీపావళి ముందు వారం జరిగింది. సాయంత్రం ఫోన్ చేసింది. ఈసారి రెండు హెచ్చరికలు పెట్టారట, రెండూ విందట. తరువాత ఏ ఊరికి పంపుతారో చెబుతూ ఉంది గాని, వంటింట్లోంచి మా ఆవిడ “పాస్ అయిందా?” అని అరుస్తుంటే నాకు సగం వినపడలేదు.