పోయిన సర్వరు పేరు కొట్టేస్తూ...

ఆఫీసులో అందరి పాస్‌వర్డులూ సరిచూసే డొమైన్ కంట్రోలర్లు రెండు. పెద్దది పాడైపోయింది. దాన్ని తీసేసినా రెండోది దానికోసం వెతుకుతూనే ఉంది. మనిషి పోయినా రేషన్ కార్డులో పేరుండిపోయినట్టు!

సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు ముందుగా దాని ప్రత్యేక బాధ్యతలు ఐదింటినీ రెండోదానికి బలవంతంగా అప్పగించాడు. ఇక పాతది బాగుపడినా అలాగే నెట్‌వర్కులో కలపకూడదు. ఒకే ఇంటికి ఇద్దరు పెత్తందార్లవుతారు. విండోస్ సర్వర్ 2008కి ముందు జాబితాలోంచి పేరు తీయాలంటే ఒక్కో ఆదేశం టైపు చేయాల్సి వచ్చేది. ఆ తలనొప్పి తగ్గింది, డిలీట్ కొడితే చాలు.

కొట్టాడు. ఇది శాశ్వతంగా ఆఫ్‌లైనే అని ఒప్పుకుంటూ గడిలో టిక్కు పెట్టమంది.

ఏడేళ్ల కిందట దాన్ని అట్టపెట్టెలోంచి తీసి బిగించింది తనే. వేలు కాసేపు ఆగింది.

టిక్కు పెట్టి, డీఎన్ఎస్‌లో మిగిలిపోయిన దాని పాత అడ్రసులు వెతకడం మొదలుపెట్టాడు.