గీత చెప్పిన జోస్యం

ఒలింపిక్స్ వస్తే వంద మీటర్ల పరుగు కోసం నిద్ర మానుకుని టీవీ ముందు కూర్చునే బాపతేనా మీరూ? అయితే రండి, ఆ పది సెకన్ల వెనకున్న లెక్కల కబుర్లు నాలుగు చెబుతాను. లెక్కలనగానే లేచిపోకండి, నవ్వుకునే సంగతులూ ఉన్నాయి.

గ్రాఫు కాగితం మీద అడ్డంగా ఏళ్లు, నిలువుగా గెలిచినవాళ్ల టైములు వేసుకోండి. 1896 ఏథెన్స్‌లో థామస్ బర్క్ 12.0, 1936 బెర్లిన్‌లో జెస్సీ ఓవెన్స్ 10.3, 1968 మెక్సికోలో జిమ్ హైన్స్ 9.95, 2012 లండన్‌లో బోల్ట్ 9.63. చుక్కలు మెల్లగా కిందికి దిగుతున్నాయా? వాటి మధ్య నుంచి ఓ సరళరేఖ గీయాలి. ఎలా పడితే అలా కాదండోయ్! ఒక్కో చుక్క గీతకు నిలువుగా ఎంత దూరముందో కొలిచి, ఆ దూరాల వర్గాలన్నీ కూడితే వచ్చే మొత్తం వీలైనంత తక్కువయ్యేలా గీయాలి. లీనియర్ రిగ్రెషన్ అంటే ఇదే. గీత వాలును బట్టి ఏడాదికి సగటున ఎంత టైము తగ్గుతోందో తెలిసిపోతుంది.

2004లో ఆండ్రూ టాటెమ్, ఆయన సహచరులు ‘నేచర్’ పత్రికలో మగవాళ్లకో గీత, ఆడవాళ్లకో గీత గీశారు. ఆడవాళ్లది ఇంకాస్త ఏటవాలుగా దిగుతోంది. రెండింటినీ పొడిగించుకుంటూ పోతే 2156 ఒలింపిక్స్‌లో ఆడవాళ్లు 8.079 సెకన్లు, మగవాళ్లు 8.098 అని తేలింది! ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు చూడండి, అదీ మూడు దశాంశాలతో సహా!

కెన్నెత్ రైస్ అనే ఆయన ఊరుకోలేదు. అదే పత్రికకు ఉత్తరం రాసి చురక అంటించారు. ఈ లెక్కే నిజమైతే 2636 ప్రాంతంలో సున్నా కన్నా తక్కువ టైము నమోదవుతుంది కదా అని. అంటే తుపాకీ పేలకముందే పందెం అయిపోతుందన్నమాట!

మరి తిరకాసు ఎక్కడుంది? ఆడవాళ్లకు వంద మీటర్ల పందెం ఒలింపిక్స్‌లో మొదలైందే 1928లో. అప్పుడు పరిగెత్తినవాళ్లు కొద్దిమందే. తర్వాత ఎక్కువ దేశాలు వచ్చాయి, శిక్షణ మెరుగైంది, బొగ్గుపొడి ట్రాకుల బదులు సింథటిక్ ట్రాకులు వచ్చాయి. టైము గబగబా పడిపోయింది. చెరకు గడ మొదటిసారి గానుగలో పెడితే గ్లాసు నిండుతుంది, మూడోసారికి రాలేవి చుక్కలే. గీతకు ఆ సంగతి తెలియదు.

మరి ఆడ, మగ టైముల మధ్య తేడా నిజంగా తగ్గుతూ వస్తోందా? 1972 మ్యూనిక్‌లో మగవాళ్లలో బోర్జోవ్ 10.14, ఆడవాళ్లలో రెనాటె స్టెచర్ 11.07. 2024 పారిస్‌లో నోవా లైల్స్ 9.79, జూలియన్ ఆల్ఫ్రెడ్ 10.72. తీసివేత మీరే చేయండి. రెండుసార్లూ తేడా 0.93! మధ్యలో 1988లో 0.62కి తగ్గినా, మళ్లీ మొదటికే వచ్చింది.

అలాగని గీతను తీసిపారేయకండి. 2008లో మగవాళ్ల టైము 9.73 ఉంటుందని అది అంటే, బోల్ట్ 9.69లో ముగించాడు. దగ్గరి మాట బాగానే చెప్పింది. ఉన్న చుక్కలకు దూరమయ్యేకొద్దీ దాని మాటలో పస తగ్గుతుంది. అదే గీతను 2028 లాస్ ఏంజెలెస్‌ దాకా లాగితే, గెలవాలంటే సుమారు 9.5 సెకన్లలో పరిగెత్తాలి. బోల్ట్ ప్రపంచ రికార్డే 9.58! ఎవరైనా ఆ గీతను నమ్మి పందేనికొస్తే నాకో మాట చెప్పండి, అవతలి పక్షాన నేనుంటాను.