గిటారు ఎంపిక

వస్త్రాన్ని కన్ను పరీక్షిస్తే చాలు. వాద్యాన్ని చెవీ, చేయీ కూడా పరీక్షించాలి. ఈ సత్యాన్ని విస్మరించి, గిటారు నేర్వదలచిన యువతీయువకులు అనేకులు దాని రంగుకూ మెరుపుకూ ముగ్ధులవుతారు. లోపమున్న వాద్యం వేళ్ళను నొప్పిస్తుంది, అపస్వరాలు పలుకుతుంది. దోషం తమ సాధనలోనే ఉన్నదని భ్రమించి వారు క్రమంగా నిరుత్సాహపడతారు. తల్లిదండ్రులు కష్టించి కూడబెట్టిన ధనంతో కొన్న గిటారు చివరకు గోడకు అలంకారమై మిగులుతుంది.

గిటారు నాదానికి ప్రాణం దాని పైపలక. తీగల కంపనం గుర్రం ద్వారా ఆ పలకకు చేరి, అక్కడ విస్తరించి శ్రావ్యమైన ధ్వనిగా వెలువడుతుంది. నేటి గిటారుకు రూపశిల్పి అనదగిన స్పెయిన్ దేశీయుడు ఆంటోనియో డి టోర్రెస్ (1817–1892) ఈ విషయాన్ని నిరూపించదలచాడు. 1862లో ఆయన ఒక గిటారుకు పైపలకను మాత్రమే కొయ్యతో చేసి, వీపునూ పక్కలనూ కాగితపు అట్టతో నిర్మించాడు. ఆ అట్ట గిటారు బార్సిలోనా నగరంలోని సంగీత ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నది.

కావున కొనేవారు తొలుత పైపలకను పరీక్షించాలి. నాదరంధ్రం అంచును నిశితంగా చూస్తే, పలకపైనున్న కొయ్య చారలు అంచులోనూ కొనసాగుతూ కనిపించాలి. అది అఖండమైన కొయ్య. పొరలు పొరలుగా కనిపిస్తే అది ప్లైవుడ్. వీపు, పక్కలు ప్లైవుడ్‌తో చేసినవైనా నేర్చుకొనేవారికి నష్టం లేదు. ధర కూడా తగ్గుతుంది.

తరువాతిది మెట్ల పరీక్ష. వీణ మెట్లను మైనంలో అమరుస్తారు గనుక స్వరం తప్పితే తిరిగి సవరించవచ్చు. గిటారు మెట్లు కొయ్యలో దిగగొట్టిన లోహపు కమ్మీలు. వాటికి ఆ వెసులుబాటు లేదు. తీగ పొడవులో సగం వద్ద 12వ మెట్టు ఉంటుంది. అక్కడ నొక్కి మీటితే, విడి తీగ పలికిన స్వరమే పై స్థాయిలో వినిపించాలి. ప్రతి తీగనూ ప్రతి మెట్టు వద్దా మీటి చూడాలి. ఎక్కడా గరగర ధ్వని రాకూడదు. తీగలు మెట్లకు మరీ ఎత్తుగా ఉంటే వేళ్ళు త్వరగా అలసిపోతాయి. ఉక్కు తీగల కంటే నైలాన్ తీగలు లేతవేళ్ళకు సుఖకరం. అయితే నైలాన్ తీగల గిటారుకు ఉక్కు తీగలు బిగించరాదు. ఆ బిగువుకు మెడ వంగవచ్చు, గుర్రం ఊడిరావచ్చు.

వాయించడం రానివారు వచ్చినవారిని వెంటబెట్టుకొని వెళ్ళడం వివేకం. ఆ తోడు వచ్చినవారు రెండు మూడు గిటార్లను ఒకదాని తరువాత ఒకటి వాయిస్తుండగా, కొనేవారు ఎదుట కూర్చుని కళ్ళు మూసుకొని వినాలి. అప్పుడు రంగు, ధర, పేరు ఏవీ కనిపించవు. నాదం ఒక్కటే మిగులుతుంది. ఏళ్ళ తరబడి సాధనకు తోడుగా నిలిచేది ఆ నాదమే.