వ్రాసి యుంచిన పని

మావారు బడిలో కంప్యూటరు పాఠములు చెప్పుదురు. ఒక యంత్రములోనే వేఱొక యంత్రమున్నట్లు నడుచు నేర్పాటును వర్చువల్ మెషీనందురు. పిల్లలు లోపలిదానిని పాడుచేసినను బయటిదానికి హాని లేదు. పరీక్షకై పది కంప్యూటర్లలో లినక్సు గల యట్టి యంత్రములను వర్చువల్‌బాక్సుతో నమర్పవలసియుండగా మావారికి జ్వరము తగిలెను. ఆ విధానమంతయు వారి తలలోనే యుండెను.

వారు పడకమీదనుండి చెప్పగా మేము వ్రాసికొంటిమి. తెరమీది బొమ్మలను నొక్కుటకు మాఱుగా, వీబాక్స్‌మేనేజ్ అను సాధనమునకు ఆజ్ఞలిచ్చి యంత్రమును సృష్టించుట, మెమరీ నొసగుట, డిస్కు తగిలించుట, నడపుట యనువానిని వరుసగా నొక ఫైలులో వ్రాసిన నదియే స్క్రిప్టు. వ్యాకరణసూత్రములకువలెనే దీనికిని క్రమము ప్రాణము. యంత్రమును సృష్టింపకమున్నే డిస్కు తగిలింప సాధ్యమా?

మఱునాడు బడిలో పదింటను నడపితిమి. ఒక్కదానియందును లినక్సు లేవలేదు! మెమరీ 2048 మెగాబైట్లని వ్రాయవలసినచోట 204 అని వ్రాసితిమి. సిగ్గుచే కన్నీరు వచ్చెను. కాని తప్పొక్కటియే గనుక దిద్దుబాటును నొక్కటియే. పాతవానిని తొలగించి, అంకెను సరిచేసి, ముందుగా నొక్కదానిలో పరీక్షించి, పిమ్మట తక్కిన తొమ్మిదింట నడపితిమి. చేతితో చేసియున్నచో పది తప్పులను పదిచోట్ల వెదకవలసివచ్చెడిది.

పరీక్ష సుఖముగా జరిగెను. మావారును కోలుకొనిరి. మా అత్తగారి ఆవకాయ కొలతలు ఆమెతోనే పోయినవి. ఇంటిలో నొక్కరి తలలోనే యుండు పని యేదైనను వ్రాసియుంచుడు. వ్రాసినదానిని మొదట కొంచెముగా చేసి చూడుడు.