పొద్దుటిపూట నొప్పి

కొత్తగా కాపరానికి వచ్చిన కోడలు అత్తగారి మీద ఒక్క నేరమైనా మోపకుండా వుండదు. పైకి అనే ధైర్యం లేకపోతే మనసులోనైనా అనుకుంటుంది. నేను మా అత్తగారి మీద మోపిన నేరం ఏమిటంటే, ఆవిడ చేతులు పొద్దుటిపూట మాత్రమే నొప్పి పెడతాయని.

మీరే చెప్పండి. తెల్లవారుజామున అయిదింటికి పాలవాడు వస్తాడు. వాకిట్లో కళ్ళాపి చల్లి ముగ్గు వెయ్యాలి. పొయ్యి వెలిగించాలి. మావారి కారియరు సర్దాలి. సరిగ్గా ఆ సమయానికి మా అత్తగారు వంటింటి గడప పక్కన పీట వేసుక్కూర్చుని, కాఫీ గ్లాసు రెండు చేతుల మధ్యా పెట్టుకుని, తాగకుండా అలా చూస్తూ వుండేవారు. "వేళ్ళు పట్టేశాయే అమ్మాయ్, కాస్సేపాగి లేస్తా" అనేవారు. ఆ కాస్సేపు ఎనిమిదింటి దాకా సాగేది. పదింటికల్లా అవే చేతులతో చేట పట్టుకుని బియ్యం చెరుగుతూ, ఎదురింటావిడతో కబుర్లు చెపుతూ కనిపించేవారు.

ఇది 1985 నాటి మాట. అప్పుడు మేం పాలకొల్లులో వుండేవాళ్ళం. ఒకరోజు వుండబట్టలేక, "పని వున్నంతసేపే వుండే నొప్పి ఎంత మంచి నొప్పండీ అత్తయ్యగారూ! పొద్దుటిపూటేనా అది వచ్చేది?" అన్నాను. పైకి నవ్వుతూనే అన్నాను లెండి. ఆవిడా నవ్వారు. ఇంకేమీ అనలేదు. ఆ మాట అన్నందుకు ఆ రోజంతా నాకు భలే సంతోషంగా వుంది కూడాను.

వాతం అనేవారు అందరూ. వావిలాకు వేసి కాచిన నీళ్ళలో చేతులు పెట్టుకునేవారు. వంకాయ మానేశారు, చన్నీళ్ళు మానేశారు, కొన్నాళ్ళు పెరుగు కూడా మానేశారు. 2003లో ఆవిడ వెళ్ళిపోయారు. నొప్పి సంగతి అంతటితో నేను మరిచిపోయాను.

అది మాత్రం నన్ను మరిచిపోలేదు.

పోయిన దీపావళి వెళ్ళాక ఒకరోజు పొద్దున్న లేచేసరికి నా చేతులు నావి కావేమో అనిపించింది. పిడికిలి ముడుచుకోదు. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి పావుగంట పట్టింది. కాఫీ ఫిల్టరు పై గిన్నె ఊడి రాదు. చలికి కాబోలు అనుకున్నాను. మర్నాడూ అంతే, పై వారమూ అంతే. రెండు చేతులకీ ఒకే చోట, వేళ్ళ మొదళ్ళలో వాపు. పదింటికల్లా ఏమీ ఎరగనట్టు సర్దుకునేది. అవును, సరిగ్గా పదింటికి!

డాక్టరుగారు నా వేళ్ళ కణుపులు ఒక్కొక్కటీ నొక్కి చూసి, రక్తం పరీక్షలు రాశారు. ఆ కాగితాలు వచ్చాక మావారు వాటిని వార్తాపత్రిక చదివినట్టు మొదటి వరస నుంచి చివరి వరస దాకా చదివారు. "ఇదిగో, మోనోసైట్లు 6 శాతంట. పక్కన 2 నుంచి 8 అని వుంది. మామూలే!" అని సంతోషించారు. డాక్టరుగారు ఆ వరస వైపు చూడనైనా లేదు. రుమటాయిడ్ ఫ్యాక్టరు, యాంటీ సీసీపీ, ఈఎస్ఆర్ అనే మరి మూడు వరసలు చూసి, "రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అమ్మా" అన్నారు. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుందట. ఎందులో అయినా ముందుండమంటే ఇందులో వున్నాం!

ఆ ఆదివారం మా అన్నయ్య కూతురు వచ్చింది. ఎం.బి.బి.ఎస్. అయి, పెథాలజీలో పై చదువు చదువుతోంది. కాగితాలు చూసి, "మావయ్యా, మామూలేనని మీరు వదిలేసిన వరస వుందే, అత్త చేతుల్లో అల్లరంతా చాలావరకు వాళ్ళదే" అంది.

"6 శాతమేగా?" అన్నారు మావారు.

"ఎంతమంది వున్నారన్నది కాదు మావయ్యా. ఎక్కడికి వెళుతున్నారు, వెళ్ళి ఏం చేస్తున్నారు అన్నది."

సంక్రాంతికి మా ఇంటికి వచ్చే బంధువులు గుర్తొచ్చి నేను మావారి వైపు చూశాను. ఆయన కిటికీ వైపు చూశారు.

తర్వాత అది చెప్పినదంతా నాకు అర్థమైనంత వరకు మీకు చెపుతాను. వంటింటి భాషలో చెప్పమని దాన్ని బలవంతపెట్టాను గనక మీకూ కష్టం వుండదు.

మన రక్తంలో తిరిగే తెల్లకణాల్లో ఈ మోనోసైట్లు ఆకారంలో అన్నిటికన్నా పెద్దవి. సూక్ష్మదర్శినిలో చూస్తే వీటి నడిమధ్య కేంద్రకం జీడిపప్పులా వంపు తిరిగి వుంటుందట. ఎముకల మూలుగలో పుడతాయి. రక్తంలో వీటి కాపరం చాలావాటికి ఒకటి రెండు రోజులే. ఆ తర్వాత ఒంట్లో ఎక్కడ దెబ్బ తగిలిందో, ఎక్కడ క్రిమి దూరిందో అక్కడికి వెళ్ళి, రూపం మార్చుకుని మాక్రోఫేజ్ అనే కణాలవుతాయి. గ్రీకు భాషలో పెద్ద తిండిపోతు అని అర్థం. మన లెక్కలో బకాసురుడన్న మాట. చచ్చిన కణాలనీ, బతికిన క్రిముల్నీ కూడా మింగి వూడ్చి పెట్టడం వాటి వుద్యోగం.

ఇలా మింగే కణాల సంగతి లోకానికి తెలిసిన వైనం కూడా తమాషాగానే వుంది. 1882లో ఇటలీలోని మెస్సీనా వూళ్ళో మెచ్నికోవ్ అనే రష్యా శాస్త్రజ్ఞుడు కాపరం వుండేవాడు. ఒకరోజు ఇంటిల్లిపాదీ సర్కసు చూడ్డానికి వెళితే ఈయన ఒక్కడే ఇంట్లో వుండిపోయాడు. తోటలోంచి గులాబీ ముళ్ళు తెచ్చి, అద్దంలా పారదర్శకంగా వుండే నక్షత్రచేప పిల్లల ఒంట్లో గుచ్చాడు. మర్నాడు పొద్దున్నే చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి వున్నాయి. ఒంట్లోకి వచ్చిన పరాయి వస్తువును చుట్టుముట్టే సేన ఒకటి లోపలే వుందని ఆయన అలా కనిపెట్టాడు. 1908లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. అందరితోపాటు ఆయనా సర్కసుకి వెళ్ళివుంటే ఏమయ్యేదో!

సరే, నా వేళ్ళ సంగతి. కీలు లోపల సన్నటి పొర వుంటుంది, పాలమీది మీగడంత పల్చన. నా జబ్బులో ఒంటి కాపలా యంత్రాంగానికి మతి తప్పి, ఆ పొరలో శత్రువున్నాడని కేక వేస్తుంది. అక్కడ ముల్లూ లేదు, క్రిమీ లేదు. కేక మాత్రం నిజం. మోనోసైట్లు పరుగెత్తుకొస్తాయి, మాక్రోఫేజులవుతాయి. తినడానికేమీ దొరక్క వూరుకుంటాయా? టీఎన్ఎఫ్ అనీ, ఇంటర్‌ల్యూకిన్ 1, ఇంటర్‌ల్యూకిన్ 6 అనీ కొన్ని పదార్థాలు వదులుతాయి. వాటివల్లే మంటా, వాపూ. అవి మళ్ళీ కొత్త మోనోసైట్లని పిలుస్తాయి. వచ్చినవాళ్ళు ఇంకో పదిమందికి కబురు పెడతారు. పెళ్ళి లేని పెళ్ళిపందిరి! మీగడంత పొర కాస్తా దళసరిగా వూరి, పక్కనున్న ఎముక మీదికి పాకుతుంది.

అక్కడ ఇంకో ఘోరం. ఈ మోనోసైట్లలో కొన్ని ఎముక అంచున నాలుగైదు కలిసిపోయి ఒకే పెద్ద కణంగా మారతాయి. ఆస్టియోక్లాస్ట్ అంటారు దాన్ని. పాత ఎముకని కరిగించి కొత్తదానికి చోటిచ్చే మేస్త్రీ అది. ఆరోగ్యంగా వున్నప్పుడూ చేసే పనే. ఈ జబ్బులో మాత్రం అడ్డూ ఆపూ లేకుండా తవ్వుతూ పోతుంది. అందుకనే ఈ జబ్బుకి ఆలస్యం పనికిరాదు. పోయిన ఎముక పోయినట్టే.

ఇంత విన్నాక నేను అడిగింది ఒక్కటే. "అదంతా సరేనే. పొద్దుటిపూటే ఎందుకు?"

అది నవ్వి, "అందరూ అడగరత్తా ఈ మాట" అంది. అందరికీ నాలాంటి కారణం వుండదని దానికేం తెలుసు?

ఒంట్లో కూడా ఒక గడియారం వుందట. మనం నిద్రపోతున్న వేళ, నడిరాత్రి దాటాక, ఈ మంట పుట్టించే పదార్థాలు పెరుగుతాయి. ముఖ్యంగా ఆ ఇంటర్‌ల్యూకిన్ 6 తెల్లవారుజామున హెచ్చుగా వుంటుంది. దాన్ని చల్లార్చే కార్టిసాల్ అనే హార్మోను ఒంట్లో తయారవుతుంది గాని, ఈ జబ్బు వున్నవాళ్ళకి అది చాలదు. రాత్రంతా కదలకుండా వున్న కీళ్ళలో వాపు నీరు చేరి వుంటుంది. అందుకని లేచాక గంటో, రెండు గంటలో వేళ్ళు కొయ్యబారి వుంటాయి. తిరుగుతున్నకొద్దీ సడలుతాయి. ఈ జబ్బుని గుర్తుపట్టడానికి డాక్టర్లు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి: పొద్దున్న ఎంతసేపు పట్టేస్తున్నాయమ్మా అని.

నేను అడిగిన ప్రశ్నే. డాక్టర్లు జవాబు కోసం అడుగుతారు.

లేచి వెళ్ళి, మా అత్తగారి షష్టిపూర్తి ఫోటో తెచ్చి దాని చేతిలో పెట్టాను. పీటల మీద కూర్చుని, అక్షింతలు దోసిట్లో పట్టుకుని వున్నారు ఆవిడ. పిల్ల ముఖం చూడలేదు, చేతులే చూసింది. వేళ్ళన్నీ గాలికి వాలిన వరికంకుల్లా చిటికెనవేలి వైపుకి ఒరిగి వున్నాయి. "ఈవిడకీ ఇదే అయివుంటుందత్తా. చాలా ఏళ్ళు పడివుంటారు" అంది.

అత్తగారి నుంచి కోడలికి నగలు వస్తాయి గాని ఈ జబ్బు రాదు. రక్తసంబంధం లేదుగా. నాకు వేరే వచ్చింది. అయినా ఆవిడే పంపించారేమో అనిపించింది ఒక్క క్షణం. వెంటనే లెంపలు వేసుకున్నాను. ఆవిడ అలాంటి మనిషి కాదు.

"ఆ మోనోసైట్లని మొత్తం చంపిపారేసే మందు లేదుటే?" అన్నాను కోపంగా.

"అలా అనకత్తా. మన దేశంలో ఎంతోమంది ఊపిరితిత్తుల్లో క్షయ క్రిములు నిద్రపోతూ వుంటాయి. వాటి చుట్టూ గోడ కట్టి కదలకుండా కూర్చునేది ఈ బకాసురులే" అంది. ఆ గోడ నిలవడానికి టీఎన్ఎఫ్ కావాలి. అందుకే టీఎన్ఎఫ్‌ని అడ్డే ఇంజెక్షన్లు ఇచ్చే ముందు క్షయ వుందేమోనని చూస్తారట. లూధియానాలో పుట్టిన రవీందర్ మైనీ, ఆయనతోపాటు మార్క్ ఫెల్డ్‌మన్, 1992లో లండనులో రుమటాయిడ్ రోగులకి మొదటిసారి ఆ చికిత్స చేసి చూశారు. అంతేకాదు, కీలులో వుండే మాక్రోఫేజులన్నీ చెడ్డవీ కావు. కొన్ని పెంకులు పరిచినట్టు అంచున నిలబడి కీలుకి కాపలా కాస్తాయని 2019లోనూ, జబ్బు శాంతించినవాళ్ళ కీళ్ళలో మంటని చల్లార్చే రకం ఎక్కువగా వుంటుందని 2020లోనూ తేల్చారు. ఇంట్లో వాళ్ళ మాటే ఇదీనూ. వెళ్ళగొట్టలేం. సముదాయించుకోవాలి.

నాకు ఆ ఇంజెక్షన్ల దాకా రాలేదు. మెతోట్రెక్సేట్ మాత్రలు ఇచ్చారు. రోజూ కాదు సుమండీ, వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మావారు కాలెండర్లో ఆదివారాలన్నిటికీ ఎర్ర సున్నాలు చుట్టారు. ఆ మందు పుట్టినది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అక్కడి పరిశోధనలు నడిపించిన రోజుల్లో. మొదట కేన్సరు కోసం. 1948లో ఆయన పోయారు. ఈ కీళ్ళజబ్బుకి ఆ మందు వాడవచ్చునని అమెరికా ప్రభుత్వం 1988లో ఒప్పుకుంది. ఆయన పుట్టిన భీమవరం మా పాలకొల్లుకి రెండామడల దూరం లేదు. మందు సముద్రాలు దాటి తిరిగి వచ్చింది గాని, మా వంటింటి గడప దాకా రాలేదు. వచ్చి వుంటే ఆవిడ వేళ్ళు అలా ఒరిగేవి కావేమో. పోనీ మందు లేకపోయె. మంచిమాటకి అమెరికా వెళ్ళనక్కర లేదుగా!

ఇప్పుడు కొంచెం నయం. అయినా పొద్దుటిపూట ఇంకా కాస్సేపు పడుతుంది. మొన్న వంటింట్లో కుర్చీ వేసుక్కూర్చుని, కాఫీ గ్లాసు రెండు చేతుల మధ్యా పెట్టుకుని వున్నాను. వేడి తగులుతుంటే ఎంత హాయిగా వుంటుందో అప్పుడు తెలిసింది. తాగడానికి కాదు ఆ గ్లాసు. మా కోడలు ఆఫీసుకి టైమవుతోందని హడావిడిగా తిరుగుతూ, నన్ను చూసి ఆగింది.

"పొద్దుటిపూటేనా అత్తయ్యా నొప్పి?" అంది.

గుండె ఝల్లుమంది. మాట అదే. గొంతు వేరు. జవాబు కోసం అడిగింది.

"అవునమ్మా, పదింటికి తగ్గుతుంది" అన్నాను. అది నా చేతిలో గ్లాసు తీసుకుని, చల్లారిన కాఫీ మళ్ళీ వెచ్చబెట్టి తెచ్చి ఇచ్చింది. వెళుతూ వెళుతూ ఆవకాయ జాడీ మూత వదులు చేసి పెట్టి వెళ్ళింది.

అంత చిన్న పని. ఆ ఇంట్లో ఆవిడతో పద్ధెనిమిదేళ్ళున్నాను. ఒక్కరోజు చేశానా అని ఆలోచిస్తున్నాను.