పండుకొని తొక్కే సైకిల్ ముచ్చట

ఏం వదినె, బట్టలు ఆరేసుడు అయిందా? జర గోడకాడికి రాండ్రి. పొయ్యి మీద పప్పు ఉందంటరా, ఉడకనియ్యుండ్రి, అదేడికి ఉరుకుతది.

పండుకొని తొక్కే సైకిల్ సూసిన్రా మీరు? మూడు చక్రాలు. ముందల రెండు, ఎనక ఒకటి, నడుమ ఎనకకు ఒరిగిన సీటు. కాళ్లు ముందలికి సాపి తొక్కుడే. ఫోన్‌ల మా ఆయనకు చూపెడితే, "నాకు గిదే కావాలె, పేపర్ చదువుకుంట బోధన్ పోతా" అన్నడు. మీ ఆయన గూడ గదే అంటడు, రాసి పెట్టుకోండ్రి.

సుఖం సంగతి నిజమే. నడుము గుంజది, మెడ పట్టది. ఆగితే కాలు కింద పెట్టే పనే లేదు, ఎంత మెల్లగ పోయినా పడదు. ఎత్తు ఎక్కేటప్పుడే పానం మీదికొస్తది. లేచి నిలబడి, బరువేసి తొక్కేటందుకు ఉండదు గద.

సోమరిపోతుల బండి అనుకునేరు! ఫ్రాన్స్‌ల చార్లెస్ మోషే అనేటాయన ఇట్లనే ఒరిగి తొక్కే రెండు చక్రాల బండి చేసిండు. 1933 జూలై 7న పారిస్‌ల ఫ్రాన్సిస్ ఫౌరే దాని మీద గంటల 45.055 కిలోమీటర్లు పోయిండు. 1914ల పెట్టిన రికార్డు పోయింది. ఆయనేమంత పేరున్న ఆటగాడు గూడ కాదు. మరి పెద్దోళ్లు ఊకుంటరా? అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం 1934ల ఈ బండ్లను పోటీలకెల్లి తీసేసింది. మన చుట్టాలల్ల లేరా, ఎనకున్నోడు ముందలికొస్తే వాని బండి మీద పడెటోళ్లు?

ఇగ మన రెంజల్ రోడ్డు మీదికి రాండ్రి. గోదావరిల మంజీర, హరిద్ర కలిసే కందకుర్తి దాక పోతే బాగుంటదనిపిస్తది. గని కోతలప్పుడు సగం తారు మీద వడ్లే, చుట్టు రాళ్లు. మామూలు సైకిల్‌కు సన్నటి సందు సాలు. దీనికి మూడు చక్రాలు, మూడు జాడలు. ఒకటి గుంత తప్పిస్తే ఇంకోటి పడ్తది. తలకాయ ఎత్తు కారు కిటికీ కాడికే ఉంటది, కుక్కలు నేరుగ మొఖంలకే మొరుగుతయి. అందుకే పొడుగు పుల్లకు జెండా కట్టుకొని తిరుగుతరు.

అంతదాక ఎందుకు, నడవరానోళ్లకు సర్కారు ఇచ్చే చేతి బండి లేదా? 1972ల కాన్పూర్‌ల పెట్టిన అలిమ్కో కంపెనీ చేసేటియి. గవి గూడ మూడు చక్రాలే, కిందికే ఉంటయి. ఎండల చేత్తోని తిప్పుకుంట, చేత్తోనే మలుపుకుంట పింఛన్‌కు వస్తరు. వాళ్లకు జెండా ఎవ్వలు కట్టిన్రు? వడ్ల కుప్పకు పక్కకు జరుగుతం, వాళ్లకు మాత్రం హారన్ కొడ్తం. నాకైతే గిది నచ్చది.

మీ చిన్నోడు ట్రాక్టర్ నడుపుతడు గద వదినె. ముందు ఆ పాటల సౌండ్ తగ్గియ్యమనుండ్రి. ట్రాలీ ఎనక ఎర్ర స్టిక్కర్ అంటియ్యమనుండ్రి. మూడు చక్రాల మనిషి కనవడితే హారన్ కొట్టకుంట, జర దూరంకెల్లి పొమ్మనుండ్రి. నేను చెప్పిన్నని చెప్పకుండ్రి గని, చెప్పుడు మాత్రం చెప్పుండ్రి.